చూడగానే ప్రేమా, మెల్లగా పుట్టే ప్రేమా: టీనేజ్ నవలకి ఏది మేలు?

టీనేజ్ నవలలు చదివే పిల్లలూ, అలాంటివి తెలుగులో రాద్దామని కూర్చున్నవాళ్లూ నన్ను పదేపదే అడిగేది ఒకటే: అబ్బాయీ అమ్మాయీ కనబడగానే ప్రేమలో పడితే తప్పా? ఇంగ్లిష్‌లో ఈ నవలలు విరగబడి చదివేవాళ్లు దీన్ని ఇన్‌స్టా లవ్ అని తీసిపారేస్తారు. నెమ్మదిగా రాజుకునేదాన్ని స్లో బర్న్ అని నెత్తిన పెట్టుకుంటారు. నా మొగ్గూ రెండోదాని వైపే. కాకపోతే వాళ్లు చెప్పే కారణం నాకు సరిపోదు. ఎన్నాళ్లకి మనసు కలిసింది, ఎన్నో పేజీలో చెయ్యి పట్టుకున్నారు అని లెక్కలేస్తే తేలేది కాదిది.

నేను చూసేది వేరు. మొదటిసారి కనబడ్డప్పుడు ఎదుటి మనిషి గురించి ఏమనుకున్నారో, అది కథలో ఎక్కడైనా తారుమారైందా? "ఇలాంటివాడనుకున్నాను, కాదే" అని ఒక్కసారైనా అనిపించని ప్రేమని నేను నమ్మలేను.

2005లో వచ్చిన 'ట్వైలైట్' నవల తీసుకోండి. అందులో ఎడ్వర్డ్‌కి చుట్టూ ఉన్న అందరి మనసులూ వినబడతాయి, బెల్లాది తప్ప. పైగా ఆమె రక్తం వాసన అతన్ని నిలవనివ్వదు. అతన్ని ముందు లాగినవి ఈ రెండూ. ఆమె మాటతీరు, ఇష్టాయిష్టాలు తర్వాతి సంగతి. ఆమెని లాగింది అతని అందం. అతను రక్తపిశాచి అని తెలిశాక కూడా ఆమె వెనక్కి తగ్గదు. అంత పెద్ద నిజం బయటపడినా చెక్కుచెదరకపోవడాన్ని గొప్ప ప్రేమ అనేవాళ్లున్నారు. నాకది మైకంలా అనిపిస్తుంది. అయితే ఆ మైకం అబద్ధమని మాత్రం అనను. పదహారేళ్ల వయసులో ఒక మనిషి క్లాసులోకి అడుగుపెడితే చెవులు వేడెక్కడం, ఎదురుగా ఉన్న పేజీలో ఒక్క అక్షరం బుర్రకెక్కకపోవడం ఎంత నిజమో ఆ పుస్తకానికి బాగా తెలుసు. ఇన్‌స్టా లవ్‌కి ఉన్న బలమంతా అక్కడే.

దాని బలహీనత ఏమిటో మన పెద్దన ఎప్పుడో చూపించాడు. వరూధిని ప్రవరుణ్ణి చూడగానే మనసిచ్చేసింది. ఇల్లు చేరాలని అతను పడ్డ ఆరాటం, అతని నిష్ఠ, ఆ నిరాకరణ అన్నీ కళ్లారా చూసింది. ఆ తర్వాత గంధర్వుడు అదే రూపంతో వచ్చి సరేనంటే, ఆమెకి అనుమానమే రాలేదు. అంత పట్టుదల గల మనిషి ఇంతలో ఎలా మారాడని అడగలేదు. ఏ తొలిచూపు ప్రేమ కథ చదివినా నాకు ఈ ఘట్టమే గుర్తొస్తుంది. రేపు ఇంకెవరో ఇదే మొహంతో వస్తే ఈ అమ్మాయి గుర్తుపడుతుందా?

'ఎలినార్ అండ్ పార్క్' నవలలో ఎలినార్ తప్పకుండా గుర్తుపడుతుంది. 1986, అమెరికాలోని ఒమాహా, స్కూలు బస్సు. కొత్తగా వచ్చిన, ఎర్రటి రింగుల జుట్టున్న ఆ లావుపాటి అమ్మాయికి ఎవరూ చోటివ్వరు. పార్క్ ఇస్తాడు, అదీ ఒక బూతు మాటతో కసిరి. నలుగురూ ఏమనుకుంటారోనని అతనికి బెరుకు. రోజులు గడుస్తాయి, మాటల్లేవు. తన ఒళ్లోని కామిక్స్‌ని ఆమె ఓరకంట చదువుతోందని అతను పసిగడతాడు. ఏమీ అనడు. పుస్తకాన్ని ఇంకాస్త విప్పి పట్టుకుంటాడు, పేజీలు నెమ్మదిగా తిప్పుతాడు. ఇంకా ఒక్క మాట కూడా అనుకోలేదు, కానీ ఆమె చదివే వేగం ఎంతో అతనికి తెలిసిపోయింది! కసురుకున్న నోటితో ఆ కుర్రాడు ఇక్కడిదాకా రావడమే నాకు ప్రేమకథ. ఒక మనిషిని ఇంత శ్రద్ధగా గమనించడం రాయాలంటే రచయితకి చోటు కావాలి. స్లో బర్న్ ఆ చోటిస్తుంది.

మరి ఒక్కరోజులో ఇది కుదరదా? కుదురుతుంది. 2016 నాటి 'ద సన్ ఈజ్ ఆల్సో ఎ స్టార్' నవలలో కథ దాదాపు అంతా న్యూయార్క్‌లో ఒకే రోజు నడుస్తుంది. అమెరికాలో ఉండే అనుమతి లేదని ఆ రాత్రికే నటాషా కుటుంబాన్ని జమైకాకి పంపేస్తున్నారు. ఆమెకి ప్రేమ మీద నమ్మకం లేదు, సైన్స్ మీదే గురి. కవిత్వం రాసుకునే డేనియల్, ఒకరినొకరు ప్రశ్నలడిగి దగ్గరయ్యే మానసిక శాస్త్ర ప్రయోగాన్ని ఆమె ముందు పెడతాడు. రోజంతా వాదించుకుంటారు. తమ దుకాణంలో తండ్రి ఆమె జుట్టు గురించి అన్న మాటకి డేనియల్ సిగ్గుతో చితికిపోతాడు. ఆ రాత్రే దేశం విడిచి వెళ్లాల్సిన సంగతి ఆమె దాచిందని తెలిసి కోపం తెచ్చుకుంటాడు. అతనిది తొలిచూపు ప్రేమే. అయినా ఆ ఒక్క రోజులోనే ఇద్దరి అంచనాలూ ఒకటికి రెండుసార్లు తప్పుతాయి. అందుకే నమ్మాను.

తక్కిన రకాల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. శత్రువులు ప్రేమికులయ్యే కథ స్లో బర్న్‌లోనే ఒక పాయ. ముగ్గురి మధ్య ప్రేమకథల్లో, చివరికి ఎవరిని ఎంచుకుంటుందన్న ఆత్రమే మిగతాదాన్ని మింగేస్తుంది. పుట్టకముందే రాసిపెట్టిన జంటల కథలైతే నన్ను బొత్తిగా కదిలించవు, వాళ్లు ఎంచుకునేదేమీ ఉండదు కనుక.

రాసేవాళ్లకి ఒక మాట. పెళ్లింట్లో మూడు రోజుల కథ అనుకోండి. తొలిచూపు ప్రేమే పెట్టుకోండి, భయం లేదు. వడ్డనలో అందరితో సరదాగా మాట్లాడే కుర్రాడు ఆమెకి నచ్చాడు. రెండో రోజు విస్తళ్లు ఎత్తే ముసలాయన మీద అతను గట్టిగా అరవడం ఆమె కంటబడనివ్వండి. మూడో రోజు ఆమె అతన్ని దాని గురించి నిలదీయాలి, అతను జవాబు చెప్పుకోవాలి. ఆ సంభాషణని మాత్రం రెండు లైన్లలో తేల్చెయ్యకండి.

చదివేవాళ్లు పద్నాలుగు, పదిహేనేళ్లవాళ్లయితే నేను ముందు నటాషా కథే చేతికిస్తాను. ఎలినార్ ఇంట్లో మారుతండ్రి దాష్టీకం చాలా ఉంది. దాన్ని ఇంకో రెండేళ్లాగి చదవచ్చు.