ఇంట్లో ఐవీ యాంటిబయాటిక్స్: ఎవరు తిరిగి అడ్మిట్ అవుతారో చెప్పడానికి ఏ స్కోరు మేలు?

"లేస్ స్కోరు ఎలాగూ వేస్తున్నాం కదా సార్, ఐవీ (నరంలోకి ఎక్కించే) మందులతో ఇంటికెళ్లేవాళ్లకి మళ్లీ ఇంకోటి దేనికి?" జూనియర్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది. డిశ్చార్జ్ అయ్యాక ఎవరు తిరిగి అడ్మిట్ అవుతారో అంచనా వేసే పాయింట్ల లెక్కే ఈ లేస్ (LACE).

లేస్ తేలికే. ఆసుపత్రిలో ఉన్న రోజులు, ఎమర్జెన్సీగా చేరారా లేదా, ఉన్న ఇతర జబ్బులు, గత ఆరు నెలల్లో క్యాజువాల్టీకి ఎన్నిసార్లు వచ్చారు, అంతే. మొత్తం 19 పాయింట్లు, 10కి చేరితే రిస్క్ ఎక్కువన్నట్టు. మొండి యూరిన్ ఇన్ఫెక్షన్‌తో క్యాజువాల్టీ నుంచి చేరి, ఐదో రోజున ఇంటికెళ్తున్న షుగర్ పేషెంటే ఉన్నారనుకోండి. రోజులకి 4, ఎమర్జెన్సీకి 3, షుగర్‌కి 1. ఎనిమిదే, టెన్షన్ లేదు! ఆయనకి రాసింది అమికాసిన్, అంటే కిడ్నీని దెబ్బతీయగల అమైనోగ్లైకోసైడ్ రకం యాంటిబయాటిక్ అన్న సంగతి మాత్రం లేస్‌కి అక్కర్లేదు. 'హాస్పిటల్' (HOSPITAL) అనే ఇంకో స్కోరూ అంతే: హిమోగ్లోబిన్, సోడియం చూస్తుంది, మందు జోలికి పోదు.

ఐవీ పేషెంట్ల కోసమే కట్టినవి రెండు చెప్పుకోవాలి. బోస్టన్‌లోని టఫ్ట్స్ ఆసుపత్రి వాళ్లు 2014లో ప్రచురించిన మోడల్‌లో 782 మంది ఉన్నారు. 30 రోజుల్లోపు 26 శాతం మంది తిరిగొచ్చారు. అది చూసేవి వయసు, గత ఏడాది అడ్మిషన్లు, మందులకి లొంగని క్రిమి, అమైనోగ్లైకోసైడ్ వాడకం. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ వాళ్లది తర్వాత వచ్చింది. వయసు, పాత అడ్మిషన్లతో పాటు ఇన్ఫెక్షన్ ఏ రకం, ఒకటికి మించి ఐవీ మందులు నడుస్తున్నాయా అనేది కూడా అడుగుతుంది.

అంచనాలో షెఫీల్డ్‌దే పైచేయి. తిరిగొచ్చే ఒకరినీ రాని ఒకరినీ పక్కపక్కన పెడితే, ఎవరికి రిస్క్ ఎక్కువో వందలో 72 సార్లు సరిగ్గా చెబుతుంది. బోస్టన్‌ది 61 సార్లే, బొమ్మా బొరుసూ వేయడం కంటే కాస్త నయం.

అయినా నా మొగ్గు బోస్టన్ వైపే. వయసునీ పాత అడ్మిషన్లనీ మనం మార్చలేం. అమికాసిన్‌ని మార్చగలం. క్రిమి ఏ మందుకి లొంగుతుందో చెప్పే కల్చర్ రిపోర్టు ఒప్పుకుంటే, రోజుకి ఒక్క డోసుతో సరిపోయే ఎర్టాపెనెమ్ అనే వేరే యాంటిబయాటిక్ ఉండనే ఉంది. అమైనోగ్లైకోసైడ్ వల్లే తిరిగొచ్చారని బోస్టన్ స్టడీ తేల్చలేదు, నిజమే. అసలు జబ్బు ముదిరినవాళ్లకే అది రాసి ఉండొచ్చు. కానీ కిడ్నీ మీద దాని దెబ్బ మనకి తెలియనిది కాదు కదా.

మార్చే దారి లేకపోతే వారానికి రెండుసార్లు క్రియాటినిన్, అంటే కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష. ఏ స్కోరైనా డిశ్చార్జ్ రోజునే ఆగిపోతుంది, 0.9 ఉన్నది వారానికి 1.6 అయిందని చెప్పేది ల్యాబ్ రిపోర్టే. అదీ పేషెంట్ ఫోన్‌లో ఫోటోగా పడుంటే లాభం లేదు. ఏ తేదీన టెస్టు, రిపోర్టు ఏ నంబరుకి పంపాలి, చూసే డాక్టరెవరు, ఈ మూడూ డిశ్చార్జ్ కాగితం మీద రాశాకే ఐవీ లైన్ ఉంచి ఇంటికి పంపండి.