కేసుల లెక్క చూడాల్నా, చార్జిషీట్ రేటు చూడాల్నా?

ఏడాది చివర్ల మన వరంగల్ పోలీస్ కమిషనరేట్ వాళ్లు నేరాల లెక్కలు చెప్పంగనే అందరూ కేసులు పెరిగినయా తగ్గినయా అనే అడుగుతరు, కానీ నాకైతే ఆ ఒక్క నంబర్ మీద నమ్మకం లేదు. ఎందుకంటే 2020ల దేశం మొత్తం మీద కేసులు 28 శాతం పెరిగినయని దేశమంతటి నేరాల లెక్కలు రాసే ఎన్‌సీఆర్‌బీ చెప్పింది, అట్లని దొంగలు పెరగలే, చోరీ కేసులు తగ్గినయి, పెరిగినయి లాక్‌డౌన్ రూల్స్ తప్పినందుకు పెట్టిన 188 సెక్షన్ కేసులు. ఇంకోటి, హన్మకొండల అయినా జనగామల అయినా ఆడపిల్లలు షీ టీమ్స్‌కు, అంటే ఆడోళ్ల రక్షణ కోసం ఉన్న పోలీస్ టీములకు, ధైర్యంగ చెప్పుకుంటే కేసులు పెరుగుతయి, అది మంచిదే కదా!

చార్జిషీట్ రేటు అట్ల కాదు, పోలీసులు దర్యాప్తు ముగించిన కేసులల్ల ఎన్నిట్ల నేరం మోపి చార్జిషీట్ కోర్టుకు ఇచ్చిన్రో చెప్తది, పోలీసుల పని అండ్ల కనబడ్తది. దీంట్ల లోపం లేదా అంటే ఉన్నది, కోర్టుల శిక్ష పడ్డదా లేదా తెల్వదు. అయినా రెండిట్ల ఒకటే చూడుమంటే నేను ఇదే చూస్త, అదీ నాలుగైదేండ్లవి పక్కపక్కన పెట్టి.