గ్యాస్ గీజర్: స్నానాల గదిలోనా, వాష్ ఏరియాలోనా?

విజయవాడ అపార్ట్‌మెంట్లలో గ్యాస్ గీజర్‌ను స్నానాల గది గోడకే బిగించిన ఇళ్లు చాలా కనిపిస్తాయి. కుళాయికి దగ్గర కాబట్టి వేడినీళ్లు వెంటనే వస్తాయి. లాభం అంతవరకే. తలుపు వేసిన చిన్న గదిలో మంటకు ఆక్సిజన్ తగ్గేకొద్దీ కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగూ వాసనా లేవు. తల తిరుగుతోందని తెలిసేసరికి గడియ తీసే ఓపిక కూడా ఉండకపోవచ్చు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందిగా అంటారు. బయటి గాలి వచ్చే దారి లేకపోతే ఆ ఫ్యానే పొగను గీజర్ పొగగొట్టంలోంచి గదిలోకి లాగగలదు!

లోపలే పెట్టక తప్పదంటే, గాలిని బయటినుంచే తీసుకుని పొగను బయటికే నెట్టే మూసిన రకం కొనాలి. దాని గొట్టాన్ని భవనం మధ్యనున్న డక్ట్‌లోకి వదలకూడదు. పై అంతస్తు వాళ్ల బాత్‌రూమ్ కిటికీ తెరుచుకునేది అందులోకే.

వాష్ ఏరియాలో పెడితే పైపు పొడవు పెరుగుతుంది, ముందు ఒక చెంబెడు చన్నీళ్లు వృథా పోతాయి, గాలివానకు మంట ఆరవచ్చు. మన ఊరి చలికి అదేమంత కష్టం కాదు. నా ఓటు దీనికే. అయితే గ్రిల్‌కు అద్దాలు బిగించి మూసేస్తే అదీ గదే అవుతుంది.