చిన్న లేత్ మీద గుండ్ల అచ్చులు: ఆరేళ్లు వాడాక

ఈ లేత్ (తిరుగుతున్న లోహపు ముక్కను టూల్‌తో తరిగే యంత్రం) 7×14 అంగుళాల రకం. బెడ్ మీద 180 మి.మీ. తిరుగుతుంది, సెంటర్ల మధ్య 350 మి.మీ. పడుతుంది. స్పిండిల్ (తిరిగే ఇరుసు) ముక్కు ఎమ్‌టీ3, దానికి ఎదురుగా ఉండే టెయిల్‌స్టాక్ ఎమ్‌టీ2 (ఎమ్‌టీ అంటే మోర్స్ టేపర్, వాలు రంధ్రం సైజు), ముక్కను పట్టే చక్ 80 మి.మీ. మూడు దవడలది. చెన్నైలో ఒక పోర్షన్ ఇంటి వెనక గదిలో ఆరేళ్లుగా దీని మీద నడుస్తున్నది ఒకటే పని: రాగి, వెండి రేకును అర్ధగోళంగా ఒత్తే చిన్న డైలు (గుంట ఉన్న అచ్చులు), పంచ్‌లు (రేకును ఆ గుంటలోకి తోసే కడ్డీలు). రెండు అర్ధగోళాలు అతికితే గుండ్ల పేరులోకి ఒక గుండు. దాదాపు ఇలాంటి లేత్‌లే రకరకాల రంగులేసి, రకరకాల పేర్లతో అమ్ముతున్నారు. కాబట్టి ఇక్కడ రాసింది చాలావరకు వాటన్నిటికీ వర్తిస్తుంది.

ముందే చెప్పాల్సిన మాట. పెట్టె విప్పి బిగించిన రోజు ఇది డై చేసే లేత్ కాదు. 80 మి.మీ. చక్‌లో గ్రౌండ్ రాడ్ పట్టి డయల్ గేజ్ పెడితే 60 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) ఔట్ కొట్టింది, అంటే కేంద్రం తప్పి తిరిగింది. అది చూసి చాలామంది నాలుగు దవడల చక్ కొనడానికి పరుగెత్తుతారు. అక్కర్లేదు. చక్ ఎంత ఔట్ ఉన్నా, జాబ్‌ను చక్ నుంచి తీయకుండా ఫేసింగ్ (ముఖం చదును చేయడం), డ్రిల్లింగ్, బోరింగ్ (రంధ్రం లోపలి గోడ తరగడం) అన్నీ ఒకే సెట్టింగులో ముగిస్తే రంధ్రం స్పిండిల్‌కు గుండ్రంగానే వస్తుంది. ఔట్ అసలు బాధించేది ముక్కను తీసి మళ్లీ పట్టినప్పుడే. ఈ లేత్‌తో మంచి డై చేయడమంటే, ముక్కను తీయాల్సిన అవసరం రాకుండా పని వరసను ముందే ఆలోచించి పెట్టుకోవడం.

స్పిండిల్ మాత్రం గట్టిగా ఉండాలి. కంపెనీ వేసింది మామూలు 6206 బాల్ బేరింగులు. పక్క నుంచి తోస్తే పెద్దగా కదలవు గానీ ముందుకూ వెనక్కూ ఆడతాయి. బోరింగ్ బార్ రంధ్రంలోకి వెళ్లగానే చాటర్ (టూల్ అదురు) మొదలయ్యి గోడ మీద చేప పొలుసుల్లాంటి గీతలు పడతాయి. వాటి స్థానంలో 7206 యాంగ్యులర్ కాంటాక్ట్ బేరింగులు సరిగ్గా కూర్చుంటాయి, ఎందుకంటే కొలత అదే: 30×62×16. 30206 టేపర్ రోలర్ ఇంకా గట్టిది కానీ వెడల్పు 17.25, స్పేసర్లను తరుక్కోవాలి. 7206 వేసేటప్పుడు రెండు బేరింగుల కాంటాక్ట్ దిక్కులూ ఎదురెదురుగా ఉండాలి. ఒకే దిక్కుకు వేస్తే నట్టు ఎంత బిగించినా ఆట పోదు. నట్టు బిగించాక అరగంట 1000 ఆర్పీఎం దగ్గర నడిపి హెడ్‌స్టాక్‌ను చేత్తో తాకాలి. గోరువెచ్చగా ఉంటే సరి. చెయ్యి పెట్టలేనంత కాలితే బిగింపు ఎక్కువైంది, నట్టును కొంచెం సడలించాలి.

తర్వాతి లోపం కాంపౌండ్ స్లైడ్ (టూల్‌ను వాలుగా జరిపే పై భాగం). సన్నటి డవ్‌టెయిల్ (జారే గాడి), పైన టూల్ పోస్ట్, దాని మీద బార్. ఈ నిచ్చెనలో ఎక్కడో ఒక చోట ఎప్పుడూ కదులుతుంది. డై పనిలో టేపర్ తిప్పే అవసరం దాదాపు లేదు గనుక కాంపౌండ్ తీసేసి, అంతే ఎత్తున్న గట్టి స్టీల్ దిమ్మ బోల్ట్ చేస్తే బోరింగులో తేడా అదే రోజు కనిపిస్తుంది. కాంపౌండ్ ఉంచుకునేవాళ్లకు ఒక ఉపాయం ఉంది. దాన్ని లేత్ అక్షానికి 5.7 డిగ్రీల వాలులో పెడితే హ్యాండిల్ 0.1 మి.మీ. తిప్పినప్పుడు టూల్ అడ్డంగా 0.01 మాత్రమే జరుగుతుంది. దిమ్మ వేసుకున్నవాళ్లు టూల్‌ను అడ్డంగా జరిపే క్రాస్ స్లైడ్‌కు ఒక డయల్ గేజ్ బిగించుకోవాలి. హ్యాండిల్ మీది గీతలను నమ్మి కచ్చితంగా 10.60 రంధ్రం తీయలేరు, స్క్రూ బ్యాక్‌లాష్ (దిక్కు మార్చినప్పుడు హ్యాండిల్ ఖాళీగా తిరిగే మేర) ఆ కచ్చితత్వం కన్నా ఎక్కువ ఉంటుంది.

ఇక అచ్చు సంగతి. 8 మి.మీ. బయటి వ్యాసం, 0.5 మి.మీ. రేకు తీసుకుందాం. రేకు మధ్యగీత వ్యాసం 7.5. అర్ధగోళం పైవైశాల్యానికి సమానమైన బిళ్ల కావాలంటే ఆ వ్యాసాన్ని 1.414తో గుణించాలి: 10.6 మి.మీ. ఇది ఆరంభం మాత్రమే. రేకు సాగినచోట పల్చనై అంచు కాస్త పైకి లేస్తుంది, ఆ అంచును ఎలాగూ అరగదీస్తాం.

డై ముక్కకు ఓహెచ్‌ఎన్‌ఎస్ (నూనెలో ముంచి గట్టిపరిచే టూల్ స్టీల్) 32 మి.మీ. రాడ్, 30 మి.మీ. పొడవు. చెన్నై పారీస్ కార్నర్ సందుల్లో స్టీల్ అమ్మేవాళ్లు దీన్ని ముక్కలుగా కోసి తూకానికి ఇస్తారు. హెచ్‌సీహెచ్‌సీఆర్ (కార్బన్, క్రోమియం ఎక్కువున్న స్టీల్) ఇస్తామంటే వద్దనండి. అరుగుదలకు బాగా ఆగుతుంది నిజమే గానీ ఈ చిన్న మోటార్‌కు అది తలకు మించిన భారం. ఓహెచ్‌ఎన్‌ఎస్ మెత్తని స్థితిలో కార్బైడ్ టూల్‌తో 500–600 ఆర్పీఎం దగ్గర చక్కగా తెగుతుంది. హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూల్ అయితే 160కి దించాలి. ఆ వేగంలో లో గేర్ వేయకపోతే మోటార్ నిలబడదు.

వరస ఇలా. ఫేసింగ్ చేసి, సెంటర్ డ్రిల్ పెట్టి, 1.5 మి.మీ. డ్రిల్‌తో 13 మి.మీ. లోతు. ఇది ఒత్తిన అర్ధగోళాన్ని బయటికి తోసే పిన్ను దారి, అంతేకాదు గాలి, నూనె బయటికి పోయే దారి. దీన్ని మర్చిపోతే నూనె అడుగున చిక్కి, ఎంత బలంగా ఒత్తినా గుండు కొన చదునుగానే ఉండిపోతుంది. తర్వాత 5 మి.మీ. డ్రిల్ మొన 5 మి.మీ. లోతుకు. ఆపైన గోళపు కొన ఉన్న డీ-బిట్ (పొడవునా సగానికి అరగదీసిన రాడ్‌తో చేసిన కట్టర్). అది 4 మి.మీ. వ్యాసార్ధమున్న అర్ధగోళం, దాని పైన 1 మి.మీ. నిటారు గోడ తీస్తుంది. నోటి దగ్గర 1 మి.మీ. గుండ్రం ఇవ్వాలి. వాడిగా వదిలేస్తే రేకు అక్కడే గీరుకుని చిరుగుతుంది. చివరగా బిళ్ల కూర్చోవడానికి నోటి చుట్టూ 10.65 వ్యాసంలో అర మిల్లీమీటరు లోతు గూడు. ఇదంతా ఒకే పట్టులో. ఆ తర్వాతే తిప్పి పట్టి, వెనక నుంచి 6 మి.మీ. రంధ్రం వేసి పిన్ను దారిని కలుపుకోవాలి. వెనక రంధ్రం కాస్త పక్కకు పోయినా నష్టం లేదు.

డీ-బిట్ అంగట్లో దొరకదు, చేసుకోవాల్సిందే. 8 మి.మీ. సిల్వర్ స్టీల్ (వెండి కాదు, ఒక రకం టూల్ స్టీల్) రాడ్ కొనను గోళంగా తిప్పి, పొడవునా సగానికి ఆకురాయితో దించాలి. చదును ముఖం కేంద్రానికి చేరకముందే, 4.1 దగ్గర ఆపి, హార్డెన్ చేశాక నూనెరాయి మీద 4.02కి తేవాలి. సగం కంటే తక్కువైతే వెనక వీపు ఆసరా పోయి బిట్ దారి తప్పుతుంది, రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో వస్తుంది. హార్డెన్ చేయడానికి మసక వెలుతురులో ముదురు ఎరుపు దాటి కొంచెం ప్రకాశించే ఎరుపు రాగానే నిట్టనిలువుగా నీళ్లలో ముంచాలి. ఏటవాలుగా ముంచితే వంకరపోతుంది. తర్వాత మెరుగుపెట్టి సన్నమంట మీద లేత గడ్డిరంగు వచ్చేదాకా వేడిచేసి ఆపేయాలి. లేత్ మీద 100–120 ఆర్పీఎం, ధారాళంగా కటింగ్ ఆయిల్. అర మిల్లీమీటరు దిగిన ప్రతిసారీ బిట్ బయటికి తీసి ముఖం తుడవాలి. పొడి ఇరుక్కుంటే గోడ మీద పడే గాడిని ల్యాప్ (చివర్లో గోడను మెరుగుపెట్టే రాడ్) కూడా తీయలేదు.

టెయిల్‌స్టాక్ గురించి ఇక్కడే. కొత్తప్పుడు అది స్పిండిల్ కేంద్రానికి 0.12 మి.మీ. ఎత్తుగా ఉంది. అలాగే డీ-బిట్ దింపితే నోరు వెడల్పవుతుంది. అడుగుభాగాన్ని ఎమెరీ కాగితం పరిచిన గాజు పలక మీద రుద్ది సరిచేయవచ్చు. ఓపిక పని, రెండు సాయంత్రాలు పడుతుంది. నట్టుతో బిగించే పద్ధతి మాత్రం విసుగు పుట్టిస్తుంది. కామ్ లివర్ (ఒక్క తోపుతో బిగిసే పిడి) వేసుకోండి.

కట్టర్‌తో కొలత ముగించకూడదు. ఈ లేత్ ఎంత సరిచేసినా టూల్ గోడ మీద గీతలు వదులుతుంది. ఆ గీతలు రేకు మీద అచ్చుపడతాయి, వెండిని ఎంత పాలిష్ చేసినా వెలుతురులో మెలితిరిగి కనిపిస్తాయి. అందుకే 20–30 మైక్రాన్లు మిగిల్చి హీట్ ట్రీట్‌మెంట్‌కు పంపాలి. 32 మి.మీ. ముక్కను గ్యాస్ టార్చ్‌తో లోపలిదాకా 800 డిగ్రీలకు తేవడం ఇంట్లో కుదరదు. పైపెంకు గట్టిపడి లోపల మెత్తగా మిగులుతుంది. చెన్నైలోనే అంబత్తూర్ పారిశ్రామిక ఎస్టేట్ వైపు హీట్ ట్రీట్‌మెంట్ షాపుల్లో ఇవ్వడం మేలు. కనీస చార్జీ ఉంటుంది గనుక నాలుగైదు డైలు పోగుచేసుకుని వెళ్లాలి. చీటీ మీద ‘ఓహెచ్‌ఎన్‌ఎస్, 58–60 హెచ్‌ఆర్‌సీ’ అని రాయాలి (హెచ్‌ఆర్‌సీ అంటే గట్టిదనం కొలత). సాల్ట్ బాత్‌లో (కరిగించిన ఉప్పు తొట్టిలో) చేసిన ముక్క ఇంటికి రాగానే మరిగే నీళ్లలో వేయాలి. పిన్ను రంధ్రంలో చిక్కిన ఉప్పు ఈ ఊరి తేమకు రెండు రోజుల్లో తుప్పై బయటికొస్తుంది.

ల్యాప్ అంటే కొన గోళంగా తిప్పిన ఇత్తడి రాడ్, 7.95 మి.మీ. డైమండ్ పేస్ట్ ముందు 15 మైక్రాన్లు, తర్వాత 6, చివర 3. గ్రిట్ మార్చినప్పుడల్లా డైని కిరోసిన్‌లో కడిగి, ల్యాప్ కూడా కొత్తది తీసుకోవాలి. పాత ల్యాప్‌లో దిగబడిన ముతక రేణువు ఒక్కటి చాలు గీత వేయడానికి. డై చక్‌లో 200 ఆర్పీఎం తిరుగుతుంటే ల్యాప్‌ను చేత్తో పట్టి, కొనను అక్కడే అటూ ఇటూ వాలుస్తూ ఉండాలి. ఒకే కోణంలో పట్టుకుంటే అడుగున గుంట పడుతుంది. పరీక్షకు 8 మి.మీ. బేరింగ్ గోళీకి నీలం పల్చగా రాసి లోపల తిప్పాలి. తీసి చూస్తే గోడంతా సమంగా నీలం అంటాలి. వలయంలా ఒక గీత మాత్రమే అంటితే డై ఇంకా బిగువుగా ఉంది. అడుగున చుక్క మాత్రమే అంటితే నోరు ఎక్కువ తినేసింది, ఆ డై ఇక పెద్ద సైజుకు మార్చుకోవాల్సిందే.

పంచ్‌కు గోళం తిప్పే శ్రమ వద్దు. 8 నుంచి రెండు రేకుల మందం తీసేస్తే 7. 7 మి.మీ. బేరింగ్ గోళీ దొరుకుతుంది, దాని మెరుపు మన చేతిలో రాదు. 6.8 మి.మీ. రాడ్ కొనలో గోళాకారపు గుంట తీసి గోళీని అరాల్‌డైట్‌తో అంటిస్తే ఒత్తిడి నేరుగా గుంటలోకి పోతుంది, జిగురు మీద బరువు పడదు. గోళీని బ్రేజింగ్ చేయకండి, ఆ వేడికి మెత్తబడుతుంది.

బిళ్లలు కోసే డైకి రంధ్రం 10.60, పంచ్ 10.55. పక్కకు 25 మైక్రాన్ల ఖాళీ, అంటే రేకు మందంలో ఇరవయ్యో వంతు. 3 మి.మీ. నిటారు గోడ తర్వాత డిగ్రీ వాలు ఇస్తే బిళ్లలు ఇరుక్కోకుండా కిందికి రాలతాయి. కోసిన బిళ్ల అంచును భూతద్దంలో చూడాలి. పైన కొంచెం మెరిసే పట్టీ, కింద గరుకు, బర్రు (అంచున పొడుచుకొచ్చే లోహపు ముల్లు) దాదాపు లేకుండా ఉంటే సరి. బర్రు ఒక పక్కనే ఉంటే పంచ్ మధ్యలో లేదు. చుట్టూ ఉంటే అంచు మొద్దుబారింది. ఇత్తడి రేకుకు ఈ కోతకు సుమారు 400 కిలోల బలం కావాలి. అర టన్ను ఆర్బర్ ప్రెస్ (చేత్తో పిడి లాగి ఒత్తేది) మూలుగుతుంది, టన్నుది తీసుకోండి. రేకును కాల్చి మెత్తబరచకుండా ఒత్తవద్దు. 0.2 మి.మీ. వెండి రేకు వాడితే అంచు పూవులా ముడతలు పడుతుంది. ఇంత పల్చని రేకును పైనుంచి పట్టి ఉంచే వలయం లేకుండా ఈ డైలో దించలేరు. పిన్ను తోసినచోట పడే గుర్తుకు దిగులు అక్కర్లేదు, దారం ఎక్కించే 1.8 రంధ్రం వేసేది సరిగ్గా అక్కడే.

లేత్‌లో పాడైనవి: స్పీడ్ బోర్డు ఒకసారి. స్టీల్ పొడి పెట్టెలోకి చేరడం వల్లే. ఇప్పుడు సందులకు స్పాంజి అతికి ఉంది. కార్బన్ బ్రష్‌లు రెండు జతలు. ప్లాస్టిక్ గేర్ ఒకటి, టూల్ చక్‌కు తగిలినప్పుడు. అది విరగడమే మంచిదైంది, లేకపోతే లీడ్‌స్క్రూ వంగేది. క్యారేజ్ కింద పట్టే పలకలను ఏడాదికోసారి సరిచూడాలి.

తుప్పు ఈ ఊళ్లో పెద్ద శత్రువు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బెడ్ మీద నూనె పూత ఒక్క వారం మానితే ఎర్రటి చుక్కలు లేస్తాయి. డైలను తుడిచి, చెమట చేత్తో తాకకుండా, నూనె కాగితంలో చుట్టి డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో పెట్టాలి. లేత్ స్టాండ్ కనీసం 80 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను నీళ్లు ఎన్ని ఇళ్లలోకి వచ్చాయో చూసినవాళ్లు మోటార్‌ను అంతకన్నా కింద పెట్టరు.