మెదక్ చర్చి చూశాక డిచ్‌పల్లి కూడా వెళ్లండి

మెదక్ చర్చికి వెళ్లేవాళ్లలో చాలామంది మెట్ల దగ్గర ఫొటోలు దిగి, లోపల ఓ చుట్టు తిరిగి, ఏడుపాయల దారి పడతారు. మేం ఈసారి రాత్రి మెదక్‌లోనే ఉండి, మర్నాడు నిజామాబాద్ దగ్గరి డిచ్‌పల్లిలో ఉన్న పాత కుష్ఠు రోగుల ఆసుపత్రికి వెళ్లాం. రెండూ ఇంగ్లండ్ వెస్లియన్ మెథడిస్టు మిషన్ అనే ప్రొటెస్టెంట్ క్రైస్తవ సంస్థతో ముడిపడినవే. చర్చి ఒక్కటే చూసి వచ్చేస్తే ఆ మిషన్ ఇక్కడి పేదల మధ్య చేసిన పని సగమే తెలుస్తుంది.

హైదరాబాద్ నుంచి మెదక్ సుమారు వంద కిలోమీటర్లు. 2022 నుంచి రైలు కూడా ఉంది కానీ బస్సే తేలిక. ఖిల్లా మీద పర్యాటక శాఖ గదులున్నాయి, చూడడానికి బాగుంటాయి కానీ పెద్దవాళ్లతో ఎక్కడం కష్టం. అమ్మ కూడా ఉందని మేం ఊళ్లోనే ఓ లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది, వేడినీళ్లు మాత్రం పొద్దున రెండుసార్లు అడిగితే గానీ రాలేదు.

చర్చికి మధ్యాహ్నం లోపే వెళ్లండి. క్రీస్తు పుట్టుక, సిలువ, ఆరోహణం చూపే మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలకు బయటి నుంచి ఎండ పడితేనే అందం. మేం చూస్తుండగా మబ్బు పట్టింది, బొమ్మల్లో రంగులన్నీ మాసిపోయినట్టయ్యాయి. మళ్లీ ఎండ రాగానే ఎర్రదనం, నీలం ఒక్కసారిగా లేచాయి. పక్కన కొంగు నెత్తిన కప్పుకున్న ఓ పెద్దమ్మ నేల మీద కూర్చుని ప్రార్థన చేసుకుంటోంది, మనవడు ఆమె ఒళ్లోనే నిద్రపోయాడు. అది గుడి లాంటి చోటు, గట్టిగా మాట్లాడకండి.

సికింద్రాబాద్‌లో బ్రిటిష్ సైనికుల మధ్య పనిచేయడానికి వచ్చిన మిషనరీ చార్లెస్ పోస్నెట్ 1897లో మెదక్ చేరి, దశాబ్దాల పాటు ఇక్కడే ఉండిపోయాడు. ఆయన కట్టించిన ఈ చర్చి పని 1914లో మొదలై పదేళ్లు సాగింది, 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ జరిగింది. కరువు రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ల జనం ఈ కట్టడం మీద పనిచేసి కడుపు నింపుకున్నారు. 175 అడుగుల శిఖరాన్ని చూసి ముచ్చటపడేవాళ్లకు ఈ సంగతి కూడా తెలియాలని నా కోరిక. క్రిస్మస్‌కు వెళ్తే ఉత్సాహం ఉంటుంది, కిటికీల ముందు నిలబడే చోటు మాత్రం దొరకదు. మామూలు రోజే మేలు.

మర్నాడు రామాయంపేట మీదుగా హైవే ఎక్కి, కామారెడ్డి దాటి డిచ్‌పల్లి చేరాం. అక్కడి విక్టోరియా ఆసుపత్రిని ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో కుష్ఠు రోగుల కోసం మొదలుపెట్టారు. డాక్టర్ ఇసాబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ దాన్ని నడిపారు. నిజామాబాద్‌కు చెందిన రాజా నర్సాగౌడ్ విరాళం లేకపోతే అది నిలబడేది కాదు. పరాయి దేశం సంఘం, ఊరి హిందూ దాత కలిసి చేసిన పని ఇది. ఆ రోజుల్లో మందంటే చాల్‌మోగ్రా అనే చెట్టు గింజల నూనె ఇంజెక్షన్లే. నొప్పి భరిస్తూ నెలల తరబడి వేయించుకోవాల్సి వచ్చేది. ఊరు వెలివేసిన మనిషికి అన్నాళ్లు ఉండడానికి ఓ చోటు కావాలి కదా, ఆ చోటు ఇక్కడ దొరికింది. 1980ల్లో బహుళ ఔషధ చికిత్స వచ్చాక ఇంట్లో ఉంటూనే నయం చేసుకునే వీలు కలిగింది. 1947లో ఇక్కడి ప్రొటెస్టెంట్ చర్చిలు కలిసి దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) ఏర్పడ్డాక మిషన్ పని ఆ సంఘం చేతికి వచ్చింది, ఇంగ్లండ్‌తో బంధం మాత్రం తెగలేదు.

డిచ్‌పల్లిలో చూడడానికి పెద్దగా ఏమీ ఉండదని కొందరంటారు. నేను ఒప్పుకోను. చెట్ల మధ్య పాత కట్టడాల్లో తిరుగుతుంటే నాకు మెదక్ కంటే ఇక్కడే మనసు ఎక్కువ నిండింది. అయితే ఇది ఆసుపత్రి. ముందు ఆఫీసులో అడిగి, వాళ్లు చూపించినంత మేరకే చూడండి. రోగుల ఫొటోలు వద్దు. ఇవ్వాలనిపిస్తే డబ్బు ఆఫీసులోనే కట్టి రసీదు తీసుకోండి, పండ్లో బట్టలో కొనే ముందు ఏది అవసరమో అడగండి. భోజనం సంగతి దారిలో కామారెడ్డిలో చూసుకోవడం నయం. రాత్రి ఉండాలనుకుంటే నిజామాబాద్ దగ్గరే, గదులు బాగానే దొరుకుతాయి. సమయం ఉంటే డిచ్‌పల్లి ఖిల్లా రామాలయం కూడా కలుపుకోండి, ఆ రాతి చెక్కడాలు సాయంత్రం ఎండలో చూడాలి.