నీళ్లు ఖాళీ చేసి చూపించే క్యారవాన్‌తో జాగ్రత్త

పాత క్యారవాన్ కొనాలని తిరుగుతున్నవాళ్లు డబ్బు చేతిలో పెట్టే ముందు ఇది చదవండి. నిన్న రాత్రి జరిగింది. ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది.

సినిమావాళ్ల పెద్ద బస్సు కాదు, కారు వెనక తగిలించి లాగే చిన్న ట్రైలర్. రెండు పరుపులు, ఒక పొయ్యి, సింకు, సీటు కింద పది లీటర్ల బాయిలర్. స్నానానికి వేడినీళ్లు ఇచ్చేది, చలి ప్రాంతాల్లో లోపలి గాలిని వేడి చేసేది ఆ ఒక్క పెట్టే. అమ్మినవాడి పేరు రాయను. హైవే పక్కన యార్డు పెట్టుకున్న ఆ మనిషి ఎవరో ఈ బండ్ల మీద ఆసక్తి ఉన్న విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకు తెలిసే ఉంటుంది. 4,80,000 రూపాయలు ఒకేసారి ఇచ్చేశాను.

అమ్మ కోసం కొన్నాను. అక్టోబరు తొలి రోజుల్లో అరసవల్లిలో సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకుతాయి కదా, అది చూడాలని ఆమెకు ఎన్నో ఏళ్ల కోరిక. మోకాళ్ల నొప్పులు. తెల్లవారుజామున వేడినీళ్లు పోసుకుంటే తప్ప అడుగు వేయలేదు. రాత్రికి కళింగపట్నంలో ఆగి, వేకువనే గుడికి తీసుకెళ్దామని అనుకున్నాను.

యార్డులో కొళాయి తిప్పి చూపించమని నేను అడిగాను. అడగలేదని ఎవరూ అనవద్దు. "నీళ్లన్నీ తీసేశాం మాస్టారూ. ట్యాంకు, బాయిలర్, గొట్టాలు అన్నీ ఖాళీ. నిలవనీరు ఉంటే పాచి పడుతుంది, వాసన వస్తుంది. బండిని బాగా చూసుకునేవాళ్లు ఇలాగే చేస్తారు" అన్నాడు. ఆ మాటలో తప్పేమీ లేదు. వాడకం లేనప్పుడు నీళ్లు తీసేయాల్సిందే. అందుకే నమ్మాను. నిజమైన మాటను అడ్డం పెట్టుకుని మోసం చేస్తారని నాకు తోచలేదు.

నిన్న రాత్రి ఇంటి ముందు నిలిపి, ట్యాంకులో నలభై లీటర్లు పోసి పంపు వేశాను. వేడినీళ్ల కొళాయి తిప్పితే బుసబుసమని గాలి వచ్చి, తర్వాత ధార వచ్చింది. బాయిలర్ నిండిందని స్విచ్ వేసి, కొళాయి కట్టేశాను. కొళాయిలన్నీ కట్టేస్తే పంపు దానంతట అదే ఆగిపోవాలి. ఆగలేదు. కొట్టుకుంటూనే ఉంది. ఏమిటా అని వంగి చూసేసరికి అమ్మ "కాళ్ల కింద తడిగా ఉందిరా" అంది. చెప్పులు లేకుండా నిలబడి ఉంది. నేలంతా నీళ్లు, బాయిలర్‌కు కరెంటు. ప్లగ్గు లాగి ఆమెను కిందికి దించేవరకు నా గుండె నా చేతుల్లో లేదు. డబ్బు సంగతి తర్వాత, ఆ క్షణానికి మాత్రం వాడిని క్షమించలేను.

పొద్దున్నే గీజర్లు బాగుచేసే అబ్బాయిని పిలిచాను. సీటు కింది చెక్క విప్పితే ప్లైవుడ్ ఉబ్బి, వేలు పెడితే దిగిపోతోంది. బాయిలర్ అడుగున జానెడు పొడవున ఎంసీల్ పూత. దాని మీద బొటనవేలి ముద్ర, గీతలతో సహా కనిపిస్తోంది. పూత గీకితే కింద పగులు. పక్కనున్న రెండు ఎల్బోలు, అంటే గొట్టం మలుపు ముక్కలు, కూడా చిట్లి ఉన్నాయి. "లోపల నీళ్లు గడ్డకట్టి పగిలింది అండీ" అన్నాడు ఆ అబ్బాయి.

విజయనగరంలో నీళ్లు గడ్డకట్టడమేమిటని ఒక్క నిమిషం అర్థం కాలేదు. తర్వాత ఆర్‌సీ గుర్తొచ్చింది. హిమాచల్ బండి. 2020లో అటల్ సొరంగం తెరిచాక చలికాలంలోనూ అక్కడి మంచు లోయ లాహౌల్‌కు వాహనాలు వెళుతున్నాయి. ఈ బండి జనవరిలో నెల రోజులు ఆ లోయలోని కేలాంగ్‌లో ఉందని అమ్మినవాడే గొప్పగా చెప్పాడు, నేనూ మురిసిపోయాను. నీరు మంచుగా మారితే దాదాపు తొమ్మిది శాతం పెరుగుతుందని బడిలోనే చదువుకున్నాను. ఆ చలిలో ఎవరో ట్యాంకు మాత్రం ఖాళీ చేసి బాయిలర్‌ను వదిలేశారు. ట్యాంకు ఖాళీ అయినా బాయిలర్ నీళ్లు దానిలోనే ఉండిపోతాయి. దాని వాల్వు వేరే తెరవాలి, గాలి లోపలికి వెళ్లడానికి వేడినీళ్ల కొళాయి కూడా తిప్పి ఉంచాలి. అక్కడ తీయాల్సిన నీళ్లు తీయలేదు, ఇక్కడ పగులు కనబడకుండా తీశారు. ఆర్‌సీ చేతిలో పట్టుకుని కూడా నేను ఇంత దూరం ఆలోచించలేదు. ఆ తప్పు నాదే.

అమ్మినవాడికి ఫోను చేశాను. కోపం అణుచుకుని మర్యాదగానే మాట్లాడాను. అతను ఏమన్నాడో మాట పొల్లుపోకుండా రాస్తున్నాను: "నేను ఇచ్చినప్పుడు ఒక్క చుక్క కూడా కారలేదు కదా మాస్టారూ. నీళ్లు పోసింది మీరు."

ఎంసీల్ మీద వేలిముద్ర ఉందన్నాను. "అయితే పోలీసులకు చూపించుకోండి" అని పెట్టేశాడు. తర్వాత ఏడుసార్లు చేసినా ఎత్తలేదు. బాయిలర్, ఎల్బోలు, నేల చెక్క మార్చడానికి లక్షకు తక్కువ కాదంటున్నారు. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయడానికి కాగితాలు సిద్ధం చేస్తున్నాను. అమ్మను రేపు బస్సులో తీసుకెళ్తాను.

కొనేవాళ్లు ఒక్క పని చేయండి. నీళ్లు ఖాళీ చేశామంటే మీరే బిందెలతో పట్టుకెళ్లి నింపించండి. కొళాయిలు కట్టేసి పంపు ఆగుతుందో లేదో వినండి. బాయిలర్ వేడెక్కేవరకు, అరగంటైనా అక్కడే కూర్చోండి. సీటు కింద చెయ్యి పెట్టి తడిమి చూడండి. ఒప్పుకోకపోతే లేచి వచ్చేయండి. చలి ప్రాంతం నుంచి వచ్చిన బండి అయితే ఈ పరీక్ష అసలే వదలకండి.

పగిలిన బాయిలర్‌ను పారేయలేదు, వరండాలో పెట్టాను. ఆ యార్డుకు వెళ్లాలనుకుంటున్నవాళ్లు ఎవరైనా ఇక్కడ ఒక మాట రాయండి, ముందు మా ఇంటికి పిలిచి ఆ వేలిముద్ర చూపిస్తాను.