పసిబిడ్డకు కర్రతో ఏం చేద్దాం: ఉయ్యాలా, కమ్మీల మంచమా?

బారసాలకు అందాలంటే ఉయ్యాలే సులువు. కర్ర తక్కువ పడుతుంది, గదిలో చోటు పెద్దగా అడగదు, రాత్రి పడుకునే చెయ్యి చాచి ఊపొచ్చు. అయితే బిడ్డ బోర్లాపడి చేతుల మీద లేవడం మొదలుపెడితే, అంటే సుమారు అయిదో నెలకు, దాన్ని తీసేయాల్సిందే. అంచు మీదుగా దొర్లిపోయే ప్రమాదం ఉంది.

కమ్మీల మంచం రెండు మూడేళ్లు పనికొస్తుంది. శ్రమా ఎక్కువే, కొలతల్లో ఏమాత్రం సడలింపు ఉండదు. కమ్మీల మధ్య సందు 6 సెంటీమీటర్లు దాటితే బిడ్డ ఒళ్లు జారిపోయి తల ఇరుక్కుంటుంది. పరుపుకీ చట్రానికీ మధ్య రెండు వేళ్లు దూరేంత ఖాళీ ఉండకూడదు. పరుపు గట్టిగా, చదునుగా ఉండాలి. మూలల్లో గుబ్బలు చెక్కాలని ఎంత ముచ్చటగా ఉన్నా వద్దు, బట్ట తగులుకుంటుంది. పక్క కమ్మీలు కిందికి జారే అమరిక అసలే వద్దు. పిల్లల ప్రాణాలు పోవడంతో అమెరికా 2011లో అలాంటి మంచాల అమ్మకాన్నే నిషేధించింది.

కర్ర విషయంలో రెంటికీ ఒకటే మాట: బాగా ఆరిన టేకు. మామిడి చవకే గానీ పురుగు త్వరగా పడుతుంది. పళ్లొచ్చే వయసులో పిల్లలు అంచులు కొరుకుతారు కాబట్టి సీసం లేని పూతే వాడాలి, వాసన పూర్తిగా పోయాకే బిడ్డను పడుకోబెట్టాలి.

నేనైతే మంచమే చేయమంటాను. ఉయ్యాల చుట్టాలింట్లో అటక మీద దొరకొచ్చు. అడిగి తెచ్చి, కీళ్లు బిగించుకుంటే ఆ కొద్ది నెలలకూ సరిపోతుంది.